ఏవిస్ సంతకం

మా ఊళ్ళో నలభై దాటిన వాళ్ళెవరిని అడిగినా, తమ పేరును మొదటిసారి అందంగా రాసిపెట్టింది ఏవిస్ ట్రెమ్లెట్ అనే చెబుతారు. రాసింది కేకు మీద. స్టేషను ఎదుట బేకరీలో ఆమె ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసింది. బాప్తిస్మం పొందే పసివాళ్ళకు, పెళ్ళికూతుళ్ళకు, రిటైరయ్యే రైలు గార్డులకు, తుఫానులో పడవ వేసుకుపోయి మనుషుల్ని కాపాడే వాళ్ళకు, అందరికీ ఐసింగ్‌తో పేర్లు రాసేది. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒకటే. రాయడం వేళ్ళ పని కాదు, భుజం పని. వేళ్ళు ఊరికే ఐసింగ్ నింపిన సంచిని పట్టుకుని ఉండాలంతే. పదం అయిపోయాక చివరి అక్షరానికి ఒక చిన్న తోక తిప్పి చటుక్కున పైకి లాగేది. అలా లాగితేనే ఐసింగ్ తెగుతుందట.

అరవై ఎనిమిదో ఏట ఆ చేతులకు కీళ్ళవాతం పట్టుకుంది. రెండు చలికాలాలు గడిచేసరికి వేళ్ళు పిట్ట కాళ్ళలా లోపలికి ముడుచుకుపోయాయి. చెంచా పట్టుకోవడం పోయింది, తర్వాత బొత్తాం పెట్టుకోవడం, తర్వాత కలం.

నేను పక్క వీధిలో చర్చి వాళ్ళ చిన్న ఇంట్లో అద్దెకుంటాను. పేరు థెల్మా పోకాక్. ఏవిస్ పెళ్ళి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం ప్రార్థనలో ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నవాళ్ళం. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది కాబట్టి, నాకు అరవై ఎనిమిదొచ్చినా నన్ను పిల్లా అనే పిలిచేది. రోజూ పొద్దున వెళ్ళి ఆమెకు జుట్టు దువ్వి, గంజి తాగించి, ఉత్తరాలు చదివి పెట్టేదాన్ని. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. కింది అంతస్తు రాన్ ఆమె చెత్తబుట్ట దించేవాడు. చేపల కొట్టు వాళ్ళు ముళ్ళు తీసి మరీ పంపేవాళ్ళు. మా ఊరు అటువంటిది.

సంతకాల సంగతి మొదలుపెట్టింది పోస్ట్‌మన్ లెన్. ఒక రోజు పార్సిల్ తెచ్చి, ఏవిస్ కలం పట్టుకోలేక తిప్పలు పడుతుంటే చూడలేక, మీరే పెట్టేయండి థెల్మా, ఎవరు చూడొచ్చారు అన్నాడు. పెట్టాను. ఆ తర్వాత చర్చి లాటరీ చీటీలు, క్రిస్మస్ కార్డులు, లైబ్రరీ కాగితాలు, బిల్డింగు నిర్వహణ గురించి యజమానికి రాసే ఉత్తరాలు. ఆరేళ్ళలో ఏ. ట్రెమ్లెట్ అని ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. మా పల్లె బడిలో టీచరమ్మ నేర్పిన గుండ్రటి రాత నాది. దేవుడు నాకు మంచి చేతులిచ్చింది ఇందుకే కాబోలని ఒకటి రెండుసార్లు ప్రార్థనలో కూడా చెప్పుకున్నాను.

ఏవిస్ ఫ్లాటు మెరైన్ లాడ్జ్ అనే బిల్డింగు మూడో అంతస్తులో ఉంది. వంటింటి కిటికీలోంచి రైలు పట్టాలు, పట్టాల అవతల సముద్రం. గాలి వీచిన రోజు అలలు రైలు మీదికి ఎగిసి పడుతుంటే ఆమె కుర్చీలో కూర్చుని ఏ పెట్టె బాగా తడిసిందో నాకు చెబుతుండేది. ఆ ఫ్లాటు తన కష్టార్జితం. మా దేశంలో ఫ్లాటు కొన్నామంటాం గానీ నిజానికి కొనేది కొన్ని ఏళ్ళను. నేల యజమానిదే. ఏవిస్ కొన్నది తొంభై తొమ్మిదేళ్ళు, పంతొమ్మిది వందల తొంభై మార్చి ఇరవై ఐదు నుంచి. గాబ్రియేలు దూత మరియమ్మకు శుభవర్తమానం చెప్పిన పండుగ అది. మా దగ్గర లీజులు ఇప్పటికీ అటువంటి పండుగ రోజులతోనే లెక్కపెడతారు.

పాత యజమానురాలు నార్త్‌కాట్ దొరసాని బతికున్నంతకాలం ఎవరికి ఏళ్ళు కావాలన్నా వెళ్ళి అడిగితే టీ ఇచ్చి రాసిచ్చేది. ఆమె పోయాక వారసులు బిల్డింగును లండన్‌లోని ఒక కంపెనీకి అమ్మేశారు. అప్పటినుంచి చిన్న చిన్న మార్పులు మొదలయ్యాయి. మెట్ల దగ్గర దీపాలు మనిషి రెండో అంతస్తు చేరకముందే వాటంతట అవే ఆరిపోయేలా పెట్టారు. తలుపుల మీది ఇత్తడి పేరు పలకలు ఊడదీసి అంకెలు అంటించారు. ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్ళిపోసాగారు. వెళ్ళినవాళ్ళ కిటికీలకు పరదాలు లేవు. వాళ్ళ పేరు మీద వచ్చిన ఉత్తరాలు కింద బల్ల మీద అలాగే పడి ఉండేవి.

రెండు వేల తొమ్మిది జనవరిలో డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఏవిస్‌కు ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషి కావాలి, లేకపోతే కౌంటీ వాళ్ళ వృద్ధాశ్రమానికి పోవాలి. ఆశ్రమం ఇరవై మైళ్ళు లోపలికి, సముద్రం వాసన కూడా రాని చోట ఉంది. మనిషిని పెట్టుకోవాలంటే ఇంటి మీద అప్పు తీసుకోవాలి. అప్పిచ్చేవాళ్ళు లీజు పొడిగించుకుంటేనే ఇస్తామన్నారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. లీజులో ఎనభై ఏళ్ళకు మించి మిగిలి ఉన్నంతవరకు పొడిగింపు ధర ఒకటి, ఎనభైకి దిగిన రోజునుంచి మరొకటి. మొదటి ధరకు ఏవిస్ దాచుకున్నది సరిపోతుంది, రెండోది ఆమె వల్ల కాదు. ఆ ఎనభై వచ్చే మార్చి ఇరవై ఐదుకే. అంతకుముందే పొడిగింపు కోరుతూ యజమానికి నోటీసు అందాలి. అందితే ఏవిస్ తన కిటికీ దగ్గరే ఉంటుంది. అందకపోతే ఆశ్రమం.

ఎక్సెటర్‌లో రూత్ పాస్కో అనే లాయరమ్మను ఫోనులో మాట్లాడి పెట్టుకున్నాం. ఏవిస్ ప్రయాణం చేసే స్థితిలో లేదు కాబట్టి వ్యవహారమంతా పోస్టులోనే నడిచింది. ఫిబ్రవరిలో నోటీసు కాగితం వచ్చింది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు ఉంది.

"చావు కబుర్లన్నీ ఈ మట్టి రంగు కవర్లలోనే ఎందుకొస్తాయే పిల్లా," అంది ఏవిస్.

ఉల్లికాడల సూపు తాగించి, ట్రే మీది గిన్నె పక్కకు జరిపి, గుర్తు దగ్గర నేను గుండ్రంగా సంతకం పెట్టాను. ఏవిస్ చూస్తూనే ఉంది. పెట్టొచ్చా అని నేను అడగలేదు, వద్దని ఆమె అనలేదు. ఆరేళ్ళ అలవాటు మాది.

నోటీసు అందాక ఫ్లాటు కొలవడానికి కంపెనీ తరఫున హేల్ అనే ఆయన వచ్చాడు. నెమ్మదస్తుడు. బూట్లు గుమ్మం బయటే విప్పాడు. గదులు కొలుచుకుని, టీ ఇస్తే కాదనకుండా కూర్చున్నాడు. నేను ఏవిస్ నోటికి కప్పు అందించి తాగిస్తుంటే ఆమె ఒళ్ళోని గుడ్డ జారిపడింది. ఆయనే వంగి తీసి తిరిగి పరిచాడు. పరిచేటప్పుడు ఆమె చేతుల దగ్గర ఆయన చూపు ఆగింది. కాసేపు అక్కడే ఉంది.

"మీ చేతిరాత ఎంత బాగుందండీ మిస్ ట్రెమ్లెట్," అన్నాడు. "మా ఫైల్లో మీ ఉత్తరాలన్నీ ఉన్నాయి. ఈ రోజుల్లో అంత గుండ్రంగా ఎవరు రాస్తున్నారు చెప్పండి."

ఏవిస్ నా వైపు చూసింది. ఇంటికొచ్చిన మనిషి మెచ్చుకుంటే అది నాది కాదని సరిదిద్దడం మా వైపు మర్యాద కాదు.

"చాలా సంతోషమండీ," అంది.

ఆయన నవ్వి, తన కప్పు తానే కడిగి బోర్లించి వెళ్ళాడు. మెట్ల మీద ఆయన అడుగులు దిగుతుండగానే దీపం ఆరిపోయింది. ఆయన ఆగలేదు, అదే వేగంతో చీకట్లో దిగిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు కంపెనీ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. మాట రాకపోవడమే మంచి కబురని ఏవిస్ అనుకుంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ కడిగిన కప్పును మళ్ళీ వాడబుద్ధి కాక అల్మారాలో వెనక్కి పెట్టాను. మంచిగా నడుచుకున్న మనిషిని అనుమానిస్తున్నానని ఈస్టరు ముందటి ఉపవాస దినాల్లో నాకు నేనే చీవాట్లు పెట్టుకున్నాను. లాయరమ్మకు ఫోను చేయాలని రెండుసార్లు రిసీవరు ఎత్తి, పనిలో ఉన్న మనిషిని ఊరికే విసిగించడమెందుకని పెట్టేశాను.

మార్చి ఇరవై రెండు తల్లుల ఆదివారం. ఆ రోజు మా చర్చిలో పిల్లలున్నా లేకున్నా ఆడవాళ్ళందరికీ చిన్న పూలగుత్తి ఇస్తారు. పాస్టరు గారు ఏవిస్ ముందుకు వచ్చి గుత్తి చాపారు. ఆమె చేతులు లేచాయి గానీ పట్టుకోలేకపోయాయి. పూలు నేల మీద పడ్డాయి. బల్లల మీద ఉన్నవాళ్ళందరూ మర్యాదగా పాటల పుస్తకాల్లోకి చూశారు. నేను పూలు ఏరి ఆమె కోటు బొత్తాం రంధ్రంలో గుచ్చుతుండగా హేల్ చూపు గుర్తొచ్చింది. ఈ చేతులు కలం పట్టలేవని ఆయనకు ఆ రోజే తెలిసిపోయింది. తెలిసే ఆ రాతను మెచ్చుకున్నాడు.

సోమవారం ఆఫీసు తెరవగానే ఫోను చేశాను. అంతా విన్నాక లాయరమ్మ అడిగింది, "నోటీసు మీద సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టానండీ."

అవతల ఫైలు తెరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. తక్కిన కాగితాల సంగతి వేరు, ఈ ఒక్క నోటీసు మీద మాత్రం ఫ్లాటు మనిషే స్వయంగా సంతకం పెట్టాలని చట్టం ఉంది. ఆమె మంచాన పడి ఉన్నా, చేతులు పడిపోయినా, ఎంత ఇష్టపడి చెప్పినా, ఇంకొకరు పెడితే చెల్లదు. మేం ఇచ్చిన నోటీసు అసలు ఇవ్వనట్టే. కంపెనీ వాళ్ళు నోరు మెదపకుండా కూర్చున్నది బుధవారం దాటడం కోసమే. ఏవిస్ చేతుల సంగతి మీరెందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. అడగాలని తనకెందుకు తోచలేదో అని మాత్రం అంది.

మధ్యాహ్నానికల్లా కొత్త కాగితాలు మోటారు సైకిలు మనిషితో పంపింది. నాలుగు ప్రతులు. ఏవిస్ చేతిని ఎవరూ పట్టుకోకూడదు, కలాన్ని ఎవరూ నడపకూడదు అని చీటీ రాసి పంపింది. మోటారు సైకిలాయన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఆయనకు టీ, బన్ను ఇచ్చి తలుపు దగ్గరికి వేశాను.

ఏవిస్‌కు నిజం చెప్పాను. నా వల్లే ఇలా అయిందని కూడా చెప్పాను.

"ఏడుపు తర్వాత," అంది. "ముందు నా పాత అప్రాన్ పట్టుకురా. దాని నాడా గట్టిది."

కలాన్ని ఆమె మణికట్టుకు నాడాతో కట్టాను. మొదటి కాగితం మీద కలం జారి చిరిగింది. రెండోది మరకైంది. మూడో దాని మీద మొదటి అక్షరం వచ్చింది, అక్కడితో చెయ్యి ఆగిపోయింది. ఒక్కటే మిగిలింది. కిటికీ బయట వర్షం అడ్డంగా కొడుతోంది.

"కూర్చుంటే కాదు," అంది ఏవిస్. "నన్ను నిలబెట్టు. వంటింటి గట్టు దగ్గర. బేకరీలో బల్ల అంత ఎత్తే ఉండేది."

నిలబెట్టాను. కాగితం కింద కేకు పళ్ళెం పెట్టమంది, పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని, వేళ్ళ సంగతి వదిలేసి, భుజాన్ని ఒకసారి వెనక్కి తిప్పింది. తర్వాత చెయ్యంతా ఒక్కటిగా కదిలింది. ఏవిస్ ట్రెమ్లెట్. అక్షరాలు పెద్దవి, వంపులు తిరిగినవి, పెళ్ళి కేకు మీద ఉన్నట్టే. చివరి అక్షరానికి తోక తిప్పి చటుక్కున చెయ్యి పైకి లాగింది. పుట్టినరోజు కాదు గదా, పక్కన గులాబీ పువ్వు లేకపోయినా ఫరవాలేదంటావా అని అడిగింది. నేను ఆమె మెడ మీద తల పెట్టి నవ్వాను, ఏడ్చాను.

కాగితం మంగళవారం కంపెనీ ఆఫీసుకు చేరింది. రసీదు కూడా వచ్చింది. బుధవారం పండుగ ప్రార్థనకు వెళ్ళి కొవ్వొత్తి వెలిగించాను.

పునరుత్థాన పండుగ అయిన మూడో రోజున మట్టి రంగు కవరు వచ్చింది. నేనే చదివి వినిపించాను. మొదటి నోటీసు మీది సంతకం మిస్ ట్రెమ్లెట్ పెట్టింది కాదని వాళ్ళకు తెలుసట. రెండో నోటీసు మీది సంతకం ఆమెదని నమ్మడానికీ ఆధారం లేదట. ఆరేళ్ళుగా తమ దగ్గరున్న ఆమె ఉత్తరాల్లో ఒక్కదానితోనూ అది కలవడం లేదట. జతగా ఆ ఉత్తరాల నకళ్ళు పెట్టారు. ఒక్కొక్క పేజీ కింద నా గుండ్రటి రాత. లిఫ్టు గురించి, పైకప్పు కారడం గురించి, మెట్ల దీపాల గురించి. ప్రతి పేజీ మీదా ఏవిస్ నేనే.

సంతకం పెట్టినప్పుడు చూసింది నేనొక్కదాన్నే. మోటారు సైకిలాయన మూసిన తలుపు బయట బన్ను తింటున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె పేరు రాసిన మనిషి, ఈ ఒక్కటి మాత్రం ఆమే రాసిందంటే ఏ కోర్టు వింటుంది? లాయరమ్మ ఆ మాటే అంది, నొప్పించకుండా. ఏవిస్ తన చేత్తో రాసింది ఇంకేదైనా ఉందా అని అడిగింది. ఇంట్లో వెతికాం. బేకరీలో చిట్టాలు రాసింది వేరేవాళ్ళు. పాత ఉత్తరాలు దాచుకునే అలవాటు ఏవిస్‌కు లేదు. ఫ్లాటు కొన్న నాటి లీజు మీది సంతకం కుర్చీలో కూర్చుని సన్నటి కలంతో వేళ్ళతో పెట్టింది, దీనితో పోలికే లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి పేర్లు రాసిన మనిషి రాత ఎక్కడా లేదు.

"ఉండకేం," అంది ఏవిస్. "ఊరంతా తినేసింది."

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కేకులు తినేశారు గానీ కోయకముందు ఫోటోలు తీసుకున్నారు కదా.

ఊళ్ళో తన గొడవ చెప్పుకోవడం ఏవిస్‌కు చచ్చేంత సిగ్గు. నేనే పాస్టరు గారిని బతిమాలాను. ఆయన ఆదివారం ప్రకటనల్లో ఒక్క ముక్క చెప్పారు. సాయంత్రానికి చేపల కొట్టు వాళ్ళు ఆల్బం పట్టుకొచ్చారు. లెన్ తన కూతుళ్ళిద్దరి పెళ్ళి ఫోటోలు ఫ్రేములతో సహా తెచ్చాడు. ఏవిస్‌తో పదేళ్ళుగా మాటల్లేని బేకరీ యజమాని పెద్దకోడలు వచ్చి, ఒక ఫోటోల డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆల్ఫ్రెడ్, విన్నిఫ్రెడ్, ఎలియట్, మార్గరెట్. ప్రతి పేరు చివరా అదే తోక, అదే లాగుడు. నూట పన్నెండు ఫోటోలు ఎక్సెటర్‌కు పంపాం. లాయరమ్మ వాటితో కోర్టులో దావా వేసింది.

ఎండాకాలమంతా జవాబు రాలేదు. ఏవిస్ చిక్కిపోయింది. కుడి భుజం కూడా పట్టేసింది. కోర్టులో జడ్జి తన ఎదుట మళ్ళీ రాయమంటే ఎలాగని మాకిద్దరికీ ఒకటే భయం, పైకి మాత్రం ఎవరం అనలేదు. ఆగస్టులో విచారణకు వారం ముందు కంపెనీ వాళ్ళు రెండు వరుసలు రాశారు. రెండో నోటీసు మీద తమకు ఇక అభ్యంతరం లేదు, పాత ధరకే పొడిగిస్తామన్నారు.

ఆ వారంలోనే సముద్రం గట్టు మీద హేల్ ఎదురుపడ్డాడు. టోపీ తీసి, మిస్ ట్రెమ్లెట్ ఆరోగ్యం ఎలా ఉందని నిజంగానే అడిగాడు. గాలికి నా కండువా ఎగిరిపోతుంటే పట్టుకుని చేతికిచ్చాడు.

"మీ చేతిరాతను మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను మిస్ పోకాక్," అన్నాడు.

బెదిరింపో, మెచ్చుకోలో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ తర్వాత నేను లైబ్రరీ కాగితం మీద నా పేరు రాసుకోవడానికి కూడా రెండుసార్లు ఆలోచించేదాన్ని. ఏవిస్‌కు వచ్చిన పార్సిలు లెన్ తెస్తే తీసుకోకుండా తిప్పి పంపాను.

అక్టోబరులో కొత్త లీజు పత్రం పట్టుకుని లాయరమ్మ స్వయంగా వచ్చింది. ఇంకో తొంభై ఏళ్ళు కలిపిన పత్రం. ఏవిస్ అప్పటికి మంచం మీదే ఉంది, భుజం లేవడం లేదు. మణికట్టుకు నాడా కట్టి చూశాను, కలం కాగితం మీద వాలిపోయింది. లాయరమ్మ నా ముఖం చూసి, కంగారుపడకండి అంది. ఇది నోటీసు కాదు, దస్తావేజు. ఆమె చెబితే ఆమె ఎదుటే వేరొకరు సంతకం పెట్టొచ్చు, ఇద్దరు సాక్షులుంటే చాలు. పాస్టరు గారు, రాన్ సాక్షులుగా మంచం పక్కన నిలబడ్డారు.

"ఎవరు పెట్టాలి మిస్ ట్రెమ్లెట్?" అని అడిగింది లాయరమ్మ.

ఏవిస్ నా వైపు గడ్డం చూపించింది.

కలం తీసుకున్నాను. చెయ్యి కదల్లేదు. నలుగురూ నన్నే చూస్తున్నారు. ఇది సరైన పనే, చట్టమే ఒప్పుకుంది, అయినా నా వేళ్ళు నావి కానట్టున్నాయి. మూడో అంతస్తు కింద రైలు వెళ్ళింది, కిటికీ అద్దం ఒణికింది.

"పిల్లా," అంది ఏవిస్. "భుజంతో."

ఆమె తన ముడుచుకున్న చేతిని దుప్పటి మీద నుంచి జరిపి జరిపి నా మోచేతికి ఆనించింది. కళ్ళు మూసుకున్నాను. రాసి చూస్తే అది నా గుండ్రటి రాతలా లేదు, ఆమె వంపుల్లానూ లేదు. అక్షరాలు కొండ ఎక్కుతున్నట్టు వంకరగా పైకి పోయాయి. లాయరమ్మ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత సాక్షుల వైపు తిప్పి, మీరు చూశారు కదా అని ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. చూశామన్నారు. రాన్ తన పేరు రాయబోతూ ఆగి, ఇది నా చేత్తోనే రాయాలి కదా అని లాయరమ్మను అడిగి మరీ రాశాడు.